సున్నా క్యాండిల్ బల్బు

ధర్మవరంలో మా ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో అన్నిటికీ అదొక్కటే మాట. దీపం వెలిగితే కరెంటు వచ్చింది, చెయ్యి ఝల్లుమంటే కరెంటు కొట్టింది. బల్బును మాత్రం క్యాండిళ్లలో లెక్కపెట్టేవాళ్లు. డబ్బా మీద వాట్లని అచ్చువేసి ఉన్నా, అంగట్లో నలభై క్యాండిల్ బల్బనే అడగాలి.

నాయన మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీరలు నేసేవాడు. పేక చుట్టిన కండెల్ని నీళ్లలో నానబెట్టి నేస్తాడు కాబట్టి వేళ్లెప్పుడూ తడే. ఆ గదిలో పగలు కూడా చీకటి. పడుగులో పోగు తెగితే, వైరుకు వేలాడే బల్బును ఇత్తడి హోల్డరు పట్టుకుని దగ్గరికి లాక్కునేవాడు. హిందూపురం కాలేజీలో సైన్సు చదువుతున్న నేను సెలవులకు వచ్చి అది చూశాను. గొడవకు దిగాను.

నాయన దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. పెనుకొండలో మా మేనమామ బావి మోటారు దగ్గర ఎద్దొకటి షాక్ కొట్టి చచ్చింది. పెద్ద మోటారు, పెద్ద దెబ్బ. నలభై క్యాండిళ్ల బల్బైతే నలభై క్యాండిళ్ల దెబ్బే. అందుకని తడి కండె పట్టే ముందు నలభై తీసేసి రాత్రిళ్లు పడుకునేటప్పుడు వేసే సున్నా క్యాండిల్ బల్బు తగిలించి, కళ్లు చికిలించుకుని నేసేవాడు. అదీ ఆయన జాగ్రత్త.

“నాయనా, బల్బు తాగేది వేరే, వైరులో ఉండే ఒత్తిడి వేరే. ఏ బల్బు పెట్టినా ఆ ఒత్తిడి తగ్గదు.”

“అంత ఒత్తిడుంటే ఈ దీపం ఇంత గుడ్డిగా ఎందుకుండాది?”

“బల్బు చిన్నది కాబట్టి!”

“నేనూ అదే కదమ్మే చెప్తాండేది!”

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మూడు రోజులు వాదించాను. వోల్టు, ఆంపియరు, వాటు అని నేల మీద బొగ్గుతో బొమ్మలు గీశాను. ఆయన వాటిని తొక్కుకుంటూ వెళ్లి గుంటలో దిగేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, సున్నా బల్బే వెలుగుతుండగా, తడి చేత్తో లాక్కున్న హోల్డరు ఆయన చేతిని పట్టేసింది. నేను పరుగెత్తి స్విచ్చి ఆపాక వెల్లకిలా పడ్డాడు. అరచేయి కమిలింది. చెంబెడు నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని మొదటి మాట అన్నాడు:

“అంగడోడు మోసం చేసినాడు. సున్నా అని చెప్పి నలభై అంటగట్టినాడు.”

ఇక నేను వాదించలేదు. మెయిన్ ఆపి, నిచ్చెనెక్కి, వైరును ఆయన చెయ్యి చాపినా అందనంత ఎత్తున దూలానికి కట్టేశాను. నలభై బల్బు పెట్టాను. అంత ఎత్తునుంచి వెలుగు చాలక పోగులు కనపడటంలేదని నాయన నన్ను తిట్టాడు. సెలవులయ్యేదాకా పడుగు మీదికి వంగి తెగిన పోగులు వెతికి అతికింది నేనే. ఆ తరువాత అమ్మ.