రద్దయిన వాంగ్మూలం

స్టెనోగారి రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది. ముప్పై ఒక్కేళ్లుగా ఎదుటివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయడమే ఆవిడ పని. సొంత మాట కలిపింది ఒకే ఒక్కసారి.

రెండేళ్లపాటు ఆవిడ బతుకు రెండు గదుల మధ్య నలిగింది. పొద్దున కోర్టులో జడ్జిగారి తీర్పులు. మధ్యాహ్నం అదే జడ్జిగారి దగ్గర, బట్టల ఫ్యాక్టరీ తగలబడ్డప్పుడు ప్రభుత్వం వేసిన విచారణ. నూట పదిమంది సాక్షులయ్యాక పైకోర్టు మొత్తం కొట్టేసింది. కొలువులో ఉన్న జడ్జి సర్కారు అప్పగించిన పని నెత్తినేసుకోవడానికి రాజ్యాంగం ఒప్పుకోదంది. రేపు ఆ సర్కారు మీదే కేసొస్తే ఏ ముఖం పెట్టుకుని తీర్పు చెబుతారని అడిగింది. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. స్టెనోగారికి ఒళ్లు మండింది కూడా అందుకే. ఈ సంగతి రెండేళ్ల కిందటే తట్టి ఏడవకూడదా ఈ మహానుభావులకి!

“ఆనాడే నేను కాదనాల్సింది,” అన్నారు జడ్జిగారు కళ్లజోడు తుడుచుకుంటూ. “ఇక రిటైరైన జడ్జిని ఎవరినో వేస్తారు. సాక్షులందరూ మళ్లీ మొదటినుంచి చెప్పాలి.”

ఆ కబురు దర్జీ ఆవిడకి చెప్పడానికి స్టెనోగారు తనే వెళ్లారు. దర్జీ ఆవిడ కూతురు ఆ మంటల్లోనే పోయింది. ‘ఒక్కసారి చెబితే చాలమ్మా, మళ్లీ ఎవరూ అడగరు’ అని సాక్ష్యం చెప్పిన రోజు చేయి పట్టుకుని మాటిచ్చింది స్టెనోగారే.

దర్జీ ఆవిడ మిషను ఆపింది. “మళ్లీనా అక్కా? నావల్ల కాదు. అప్పుడు చెప్పిందే చదువుకోమనండి.”

చదువుకోవడానికి అందులో ఏముంది? కూతురు ఆఖరి ఫోనులో ఏమందో ఈ తల్లి చెబుతుంటే స్టెనోగారి పెన్సిలు ఆగిపోయింది. సాయంత్రం టైపు చేస్తూ ఆ చోట ‘సాక్షి మాట్లాడలేకపోయింది’ అని పెట్టేశారు. దర్జీ ఆవిడ చదవకుండా సంతకం చేసింది, నూట పదిమందితో సతమతమవుతున్న జడ్జిగారూ చేశారు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ స్టెనోగారికి ఇక దాచే ఓపిక లేదు.

“మీ అమ్మాయి ఆఖరి మాట అందులో లేదమ్మా. నేను రాయలేదు. ఏడుస్తూ కూర్చున్నాను.”

దర్జీ ఆవిడ చేతిలో గుడ్డ చాలాసేపు మడతపెట్టింది, విప్పింది.

“మీరు ఏడవడం చూశాను,” అంది చివరికి. “ఆ గదిలో నాతోపాటు ఏడ్చింది మీరొక్కరే. రాశారనే అనుకున్నాను.” గుడ్డ పక్కన పడేసింది. “వస్తాను. మీరే రాయాలి.”

కాగితాలు తెలిసిన మనిషని కొత్త విచారణకీ స్టెనోగారినే పంపారు. తన వంతు వచ్చిన రోజు దర్జీ ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి కూర్చుంది.

“‘అమ్మా, తలుపుకి బయట తాళం వేశారే’ అంది,” అని చెప్పింది.

స్టెనోగారికి కళ్లు మసకబారాయి. పెన్సిలు మాత్రం ఆగలేదు.