మూడు నిమిషాల పండు

తార్నాకలో మా ఇంటి నుంచి క్యాంపస్‌లోని హాలుకు నా నడకతో పద్దెనిమిది నిమిషాలు. ఆ ఆదివారం పదమూడు నిమిషాల్లో చేరాను. తొందరేమీ లేదు, కాళ్లే ఆగలేదు. ఆ రోజు ఒక పిల్లను క్లాసు మాన్పించాల్సి వస్తుందేమోనని నా గుబులు.

ఆ పిల్లల క్లాసును ఇద్దరం నడిపేవాళ్లం. లెక్కల టీచరుగా రిటైరైన నేను ఆసనాలు చేయిస్తాను. బొమ్మలు వేయించేది నల్గొండ వైపు అమ్మాయి, అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుకుంటోంది. ఇరవై నిమిషాలు ఆసనాలు, మూడు నిమిషాలు కదలకుండా పడుకోవడం, తర్వాత అరగంట రంగులు. పడుకున్నప్పుడు ఏం తోచిందో అదే కాగితం మీద వేయాలి. అందుకే ఆ మూడు నిమిషాల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. పన్నెండు మందిలో ఎవరు ఎంతసేపు కదలకుండా ఉన్నారో వాచీ చూసి నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

ఏడేళ్ల ఆ పిల్ల పేరు ఎదురుగా నాలుగు ఆదివారాల అంకెలు ఇవి: ముప్ఫై అయిదు సెకన్లు, యాభై, ఇరవై, నలభై. ఆ తర్వాత లేచి పక్కవాళ్ల పాదాలకు చక్కిలిగిలి పెట్టేది. ఆ పిల్ల కుటుంబం కాకినాడ నుంచి వచ్చి రెండు నెలలే అయింది. నాలుగో ఆదివారం క్లాసు అయ్యాక, వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే ఇంక పంపవద్దని వాళ్లమ్మతో చెప్పేశాను. చెప్పులు వేసుకోబోతూ ఆవిడ ఆగింది.

"స్కూల్లోనూ ఇదే మాటండీ. ఇక్కడా వద్దంటే ఇంకెక్కడికి తీసుకెళ్లను ఆంటీ?"

అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు.

అయిదో ఆదివారం జలుబు చేసి నా గొంతు పట్టేసింది. పిల్లలను పడుకోబెట్టే పని బొమ్మల అమ్మాయి చేసింది. నేను కిటికీలు రెండుసార్లు తెరిచి మూశాను.

"జర కూసోండ్రి మేడమ్. మీరు తిరుగుతుంటే పిల్లలు మిమ్మల్నే చూస్తున్నరు."

కూర్చోలేదు. ఆ అమ్మాయి మోకాళ్ల మీద వంగి ఆ పిల్ల తల నిమిరింది. "నువ్వు పండు బిడ్డా. మంచిగ పండు."

"నేనా?"

"నువ్వే."

పిల్ల ఒక పక్కకు ఒరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. నిమిషం. రెండు. వాచీ ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. మూడు నిమిషాల పది సెకన్లకు నేనే చప్పట్లు కొట్టి లేపాను.

తర్వాత కాగితం నిండా ఒక ఆకుపచ్చ గుండ్రం వేసింది. పైన రెండు ఆకులు, పక్కన ఒక గాటు.

"ఇదేంటి?" అని అడిగాను.

"నేనే. అక్క నన్ను పండు అన్నారు కదా. జామపండు."

"మరి ఈ గాటు?"

"చిలక కొరికింది. అయినా కదల్లేదు. ఊగితే రాలిపోతాను కదా అమ్మమ్మగారూ."

నల్గొండ అమ్మాయి ఇంట్లో పండు అంటే పడుకో అని. కాకినాడ పిల్లకు పండంటే తినే పండే.

"నేను పండుమన్న మేడమ్, పండు కమ్మనలే," అని ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయితే ఇది లెక్కలోకి రాదు," అన్నాను.

"కదిలిందా?"

"లేదు."

"మల్లేంది? పండుకున్నోళ్లు కదిలిండ్రు గని, పండు కదల్లే."

పెన్సిలు పట్టుకుని హాలు ఆ చివరికీ ఈ చివరికీ నడిచాను. పొరపాటున వచ్చిన జవాబుకు నేనెప్పుడూ మార్కులు వేయలేదు. ఇంతలో వాళ్లమ్మ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"ఎంతసేపు ఆంటీ?"

"మూడు నిమిషాల పది సెకన్లు. వచ్చే ఆదివారం పంపండి."

ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. పిల్ల ఆవిడ దగ్గరికి పోకుండా నా కొంగు లాగింది.

"మీరెప్పుడూ పడుకోరెందుకు?"

చాప మీద పడుకున్నాను. వాచీ నల్గొండ అమ్మాయికి ఇచ్చాను. కిటికీ రెక్క సరిగ్గా మూశానా, రంగుల మూతలు పెట్టారా అని తల తిప్పాను.

"ఇరవై రెండు సెకన్లు మేడమ్."

నోటుబుక్కులో పిల్ల అంకె రాసి, దాని కింద నాదీ రాశాను.