నేను బిగించుకున్న ఊపిరి గొట్టాలు

మా మేనమామ గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, హాల్లో నేల మీద పరిచి ఉన్న సామాను చూసి ఆగిపోయాడు.

"ఏటే ఇదంతా? ఆస్పత్రిని ఇంటికి ఎత్తుకొచ్చీసినావేటి?" అన్నాడు.

ఆయన అలా అనుకోవడంలో తప్పులేదు. నేను విజయనగరంలో నర్సుని. రోజంతా ఎవరికో ఒకరికి ఆక్సిజన్ అమర్చడమే నా పని. కానీ ఆ రోజు నేల మీద ఉన్నది నా కోసం కొనుక్కున్న సామాను. సముద్రం అడుగున ఊపిరి పీల్చుకోవడానికి వాడే రెగ్యులేటరు, దాని గొట్టాలు. అంతకు ముందు ఏడాది సెలవు దొరికినప్పుడల్లా విశాఖపట్నం వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. నేర్పిన మాస్టారు, "సొంతది కొంటే నీ చేత్తో నువ్వే బిగించు. గాలి ఏ దారిన వస్తోందో తెలిస్తే కింద కంగారు తగ్గుతుంది" అన్నారు. తనకి చూపించకుండా మాత్రం నీళ్లలో దిగకూడదని మాట తీసుకున్నారు.

చిన్న చిన్న నల్లటి రబ్బరు రింగులు కనబడకుండా పోతాయని పాత పొందూరు పంచె ఒకటి పరిచాను. దాని మధ్యలో ఇత్తడి ముద్ద. గుప్పిట్లో పట్టేంతే గానీ చెయ్యి కిందికి లాగేసే బరువు. సిలిండరు మూతి మీద కూర్చునేది అదే. దానికి చుట్టూ రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక్కో గొట్టం. ఒకటి నా నోటికి. పసుపు రంగుది పక్కవాళ్లకి గాలి అయిపోతే ఇవ్వడానికి. ఒకటి నీళ్లలో తేలడానికి వేసుకునే జాకెట్లోకి. ఇంకొకటి ఎంత గాలి మిగిలిందో చూపించే ముల్లుకి. మామయ్య పక్కనే చతికిలబడ్డాడు. భోగాపురం దాటాక ఉన్న మా ఊరి రేవులో ఆయనది ఫైబర్ పడవ. సముద్రం మీదే తెల్లబడిన జుట్టు.

"సిలిండర్లో గాలంతా ఒకేపాలి నోట్లోకి వచ్చీదా?"

"అలాగొస్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయి మావా. ఈ ఇత్తడిది దాన్ని ఆపుతాది. నోట్లో పెట్టుకున్నది ఇంకా తగ్గిస్తాది. నేను పీలిస్తేనే వస్తాది, మానేస్తే ఆగిపోతాది."

"అడిగితేనే ఇస్తాదన్నమాట," అన్నాడు నెమ్మదిగా.

ప్రతి రింగుకీ వేలితో కొంచెం గ్రీజు రాసి, గొట్టాలు ముందు చేత్తో తిప్పి, ఆఖర్న స్పానరుతో కాస్త బిగించాను. ఎక్కువ బలం పెడితే మరలు పోతాయి. అన్నీ అయ్యాక మాస్టారు ఇచ్చిన సిలిండరుకి తగిలించి దాని పిడి తిప్పాను. మెత్తగా వాలి ఉన్న గొట్టాలు ఒక్కసారిగా బిర్రబిగుసుకున్నాయి. ముల్లు లేచింది. ఎక్కడో సన్నగా బుస్సుమంటోంది.

వంటగ్యాసుకి చూసినట్టే సబ్బు నురగ కలిపి అతుకులన్నిటికీ రాశాను. పసుపు గొట్టం మొదట్లో బుడగ ఒకటి ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. సిలిండరు కట్టేసి, గొట్టాల్లో గాలి వదిలేసి, ఆ అతుకు విప్పాను. రబ్బరు రింగు మీద వెంట్రుక ఉంది. నాదే.

"ఎంటికే!" అన్నాడు మామయ్య. "ఎంటిక సందులోంచి గాలి దూరీసినాదా! ఇంత సన్నంది నమ్ముకుని నీ పేణం సముద్రంలో పెడతావేటే?"

వెంట్రుక తీసేసి, తుడిచి, మళ్లీ బిగించాను. ఈసారి నురగ కదలలేదు. నోట్లో పెట్టుకుని పీల్చాను. చల్లటి, ఏ వాసనా లేని గాలి వచ్చింది. ఎన్నో ముక్కుల మీద మాస్కులు పెట్టాను గానీ, ఊపిరి అంటే ఇంత పెద్ద సంగతని ఆ క్షణం దాకా నాకు అనిపించలేదు.

వంశధార, నాగావళి ఎర్రనీళ్లు తగ్గి సముద్రం తేటపడ్డాక మాస్టారు మా ఊరొచ్చారు. నేను బిగించింది అప్పటికే తన షాపులో మీటర్లు పెట్టి పరీక్షించారు. రేవులో మళ్లీ ఒక్కో అతుకూ తడిమి చూశారు. మామయ్య పడవలో, వలలు చిక్కుకుపోయే ఒక బండ దగ్గరికి వెళ్లాం. మా తాత కాలం నుంచీ ఆ బండకి వలలు పోగొట్టుకోని ఇల్లు మా వీధిలో లేదు. దాన్ని చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

మాస్టారూ నేనూ లంగరు తాడు పట్టుకుని దిగాం. మొదట అంతా పచ్చటి మసక. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత నీళ్లు తేటపడ్డాయి, కింద బండ బయటపడింది. అది ఒక బండ కాదు, రామతీర్థం కొండని తెచ్చి నీళ్లలో దించినట్టు ఉంది. పోయిన వలలన్నీ దాని భుజాల మీద వేలాడుతున్నాయి. ఏ పోగు ఎవరిదో తెలియకుండా వాటిని నత్తలూ, ఎర్రటి మెత్తటి పొదలూ కప్పేశాయి. కవ్వళ్లనే చిన్న వెండి చేపల గుంపు ఒకటి మా మధ్యలోంచి వెళ్తూ వెళ్తూ ఒక్కసారి పక్కకి తిరిగింది. వెయ్యి అద్దాలు తిరిగినట్టయింది. నేను చిన్నప్పుడు రేవులో ఆడుకున్న సాయంకాలాలన్నిట్లోనూ ఇది ఇక్కడ ఇలాగే ఉందన్నమాట. మాస్కులో కళ్లు తడిశాయి. తుడుచుకునే వీలు లేదు.

పైకొచ్చి పడవ అంచు పట్టుకోగానే మామయ్య వంగాడు.

"ఏటున్నాది?"

నోట్లోంచి గొట్టం తీసి, మాస్కు పైకి నెట్టుకున్నాను.

"సెప్పవేటే! మా వలలు ఉన్నాయా?"

"ఉన్నాయి మావా. నీవీ, తాతవీ, అందరివీ. వాటి మీద సెట్లు మొలిసినాయి. సేపలు కాపరం ఉంటన్నాయి."

ఆయన పడవ అంచు మీంచి ఇంకా కిందికి వంగాడు. "నాకూ సూపించు," అన్నాడు.

మాస్టారు ముందు ఒప్పుకోలేదు. చివరికి, కిందికి దిగకూడదు, పైనే పడవ తాడు వదలకుండా ముఖం ముంచి చూడాలి, అంతే అన్నారు. తాడు రెండో కొస తనే పట్టుకుని పడవలోకి ఎక్కి కూర్చున్నారు. మామయ్య నా పక్కన నీళ్లలోకి జారాడు. ఆయన కళ్లకి మాస్టారి మాస్కు పెట్టి, పసుపు గొట్టం నోటికి అందించాను. ఈతలో పుట్టిన మనిషి, అయినా మొదటి ఊపిరికి ఒళ్లంతా బిగబట్టాడు. భుజం మీద చెయ్యి వేశాను. నెమ్మదిగా ముఖం ముంచాడు.

ఒకే సిలిండరులోంచి ఇద్దరం పీలుస్తున్నాం. ఆయన లంగరు తాడు వెంట చూపు దించుకుంటూ వెళ్లి, కింద నీలంలో అది కరిగిపోయే చోట ఆగాడు. తరవాత తల తిప్పి తన పడవ అడుగు చూశాడు. అలాగే ఉండిపోయాడు. బయటికి వచ్చి గొట్టం తీసి, పడవ పక్కని చేత్తో తట్టాడు.

"నా పడవ గాల్లో ఏలాడతన్నాదే," అన్నాడు. "కింద ఏటీ లేదు. ఇన్నాళ్లూ దాని మీద కూకున్నానే నాను!"

మాస్టారు, "ఇక చాలు, ఎక్కండి" అన్నారు.

"ఒక్కపాలి, బాబూ. ఒకే ఒక్కపాలి," అని ఆయన సమాధానం కోసం ఆగకుండా గొట్టం నోట్లో పెట్టుకుని మళ్లీ ముఖం ముంచాడు. ఈసారి ఒళ్లు బిగబట్టలేదు.