మిరప కల్లంలో ఇంగ్లీషు

మొన్న కొత్త కారం డబ్బా మూత తీయగానే ఘాటు నషాళానికెక్కి, వరుసగా తుమ్ములొచ్చి, కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకుంటుంటే గుంటూరు దగ్గర మా కల్లం, దాంతో పాటు నేను మర్చిపోదామనుకున్న ఒక రోజూ గుర్తొచ్చాయి.

ఎండలు ముదిరే నాటికి కల్లమంతా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, తలగుడ్డలు కళ్ల దాకా లాక్కుని తెల్లబడిన తాలుకాయలు ఏరే ఆడకూలీలు, కుండలో పల్చటి మజ్జిగ, తాటాకు పందిరి కింద మంచం మీద నాన్న. నన్ను టౌనులో ఇంగ్లీషు మీడియం బడిలో ఆరో తరగతిలో చేర్చాలని ఆయన పట్టుదల. తను చదివింది ఐదో క్లాసే అయినా, ఊళ్లో మాస్టారిని అడిగి ‘ఏ’ ఎక్కడ పెట్టాలో, ‘ఆన్’ ఎక్కడ పెట్టాలో నేర్చుకొచ్చి, కనపడిన ప్రతి వస్తువూ చూపించి నా చేత చెప్పించేవాడు. వినీ వినీ కూలీలకీ పట్టుబడింది. మధ్యాహ్నం అన్నం మూటలు విప్పుతూ నాగమ్మ, “ఆ ఆన్ ఉల్లిపాయ ఇటెయ్యవే, ఈ ఏ పచ్చిమిరపకాయ నువ్ తీసుకో” అంటే కల్లమంతా నవ్వేది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున, అమ్మ వద్దంటున్నా వినకుండా కల్లంలోకి పరిగెత్తి కాయలు తిరగేసి వచ్చాను. బడిలో మేడం గారు గొడుగు బొమ్మ చూపించి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగేసరికి, కంగారులో అదే చేత్తో కళ్లు నలుపుకున్నాను. ఇక మంటే మంట. ఏడుపు తప్ప మాట రాలేదు. పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ నాన్న ఉండబట్టలేక, “ఆన్ అంబ్రెల్లా, మేడం” అన్నాడు.

“సీటు పాపకా అండీ, మీకా?” అందావిడ. గదిలో అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

సీటు రాలేదు. “ఏవయ్యిందయ్యా?” అని నాగమ్మ అడిగితే, “సీట్లు అయిపోయినయ్యంట” అన్నాడు నాన్న తల తిప్పుకుని. మర్నాటి నుంచి మా కల్లంలో ఇంగ్లీషు వినపడలేదు.

ఊళ్లో బడిలోనే చదివి, కిందా మీదా పడి ఉద్యోగంలో చేరాను. నాన్న మా ఇంటికొచ్చినప్పుడు నేను ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతుంటే చప్పుడు చేయకుండా లేచి బయటికెళ్లేవాడు. “ఆ రోజు నేను నోరు మూసుకునుంటే పిల్లకి సీటొచ్చేదే” అని అమ్మతో అనడం ఒకసారి నా చెవిన పడింది.

ఇప్పుడు ఆ కల్లం చోట కోల్డ్ స్టోరేజీ ఉంది. నాగమ్మ లేదు, నాన్నా లేడు. సీటు పోయింది ఆయన వల్ల కాదు. ఆయన అమ్మతో అన్నది గోడకి ఇవతలే నిలబడి విన్నదాన్ని, రెండడుగులు వేసి ఆ మాట చెప్పలేకపోయాను.