శీనుగాడి తోకలేని విమానం, దాని ముక్కుకి నిమ్మకాయ

పొదిలి చూడటానికి వెళ్ళానని చెబితే అబద్ధం. కుళ్ళు ఆపుకోలేక వెళ్ళాను. గుంటూరులో జిరాక్స్ షాపు నడుపుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా తీగ విమానాలు చేసుకునేవాణ్ణి నేను. మనం మైదానం మధ్యలో పిడి పట్టుకుని నిలబడతాం. పిడి నుంచి విమానం దాకా నలభై అడుగుల సన్నటి స్టీలు తీగలు రెండుంటాయి. అది మన చుట్టూ తిరుగుతుంటే దానితోపాటు మనమూ తిరగాలి. పిడిని పైకి వంచితే ముక్కు లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. మా ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఏటా పిల్లల ముందు దీన్ని ఎగరేసి చూపించే పని నాది. ఈసారి వాళ్ళు నన్ను కాదని శీనుని పిలిచారు.

శీను నా డిగ్రీ క్లాస్‌మేటు. పొదిలిలో విత్తనాల కొట్టు ఉంది. వాడికి పిడి పట్టుకోవడం నేర్పిందే నేను. తోక లేకుండా రెక్క ఒక్కటే ఉండే విమానం గీసి, నా షాపులోనే జిరాక్స్ తీసి ఇచ్చిందీ నేనే. ఆ గీతతో నేను చేసింది గాల్లో మేకపిల్లలా గంతులేసి నేలకు కొట్టుకుంటుంది. వాడు చేసింది నూనె మీద జారినట్టు తిరుగుతుందని, పల్టీలు కూడా కొడుతుందని వీడియో పెట్టాడు. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్పను. మోటారు మార్చాను, తీగలు మార్చాను, రెక్కని చెక్కి చెక్కి బరువు తగ్గించాను. ఫలితం లేదు. వాడేం చేస్తున్నాడో కళ్ళారా చూడాలని, వీలైతే వాడిముందే నా కొత్త రెక్కని ఎగరేసి కాలేజీ పిలుపు వెనక్కి తెచ్చుకోవాలని బయలుదేరాను.

ఆరింటికి గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అందులో ఏముందని కండక్టరు అడిగాడు. విమానమన్నాను. "విమానం ఉంచుకుని బస్సెందుకెక్కారండి?" అన్నాడు. నా బాధ వాడికేం తెలుసు. చిలకలూరిపేట దగ్గర దూది లారీల వెనక కాసేపు ఆగాం. మార్చి నెల కదా, దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మీరు వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంటే జేబురుమాలు దగ్గర పెట్టుకోండి. ఒంగోల్లో ఇడ్లీ తిని పొదిలి బస్సు మారాను. టిక్కెట్లు రెండూ కలిపి మూడొందల లోపే అయ్యాయి. పది దాటాక దిగేసరికి శీను మోటారు సైకిలు మీద ఎదురొచ్చాడు. ఏరా, చిక్కిపోయావేంటి అంటూ పెట్టె అందుకోబోయాడు. నేనివ్వలేదు.

ఊరి బయట పత్తి కట్టె పీకేసి చదును చేసిన చేలోకి తీసుకెళ్ళాడు. దగ్గర్లో కరెంటు తీగల్లేవు. స్టీలు తీగలతో ఆడేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది అదే. అలాంటి చేను నాకు గుంటూరులో దొరకదు. ఆ మాటకొస్తే చేనుని చూసి కూడా నాకు కుళ్ళు పుట్టింది. వాడి విమానం ముక్కుకి, కొత్త లారీకి కట్టినట్టు, నిమ్మకాయా నాలుగు మిరపకాయలూ బిగించి కట్టి ఉన్నాయి. వాళ్ళావిడ రమణ దిష్టి తగలకుండా మొదటిరోజే కట్టిందట. నిమ్మకాయ వాడిపోగానే మారుస్తుందట. మనసులోనే నవ్వుకున్నాను.

వాడు ఎగరేశాడు. నా నవ్వు ఆగిపోయింది. రెక్క ఛాతీ ఎత్తులో గీత గీసినట్టు తిరిగింది. పల్టీ కొట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అదే ఎత్తుకొచ్చింది. పడిపో, పడిపో అని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను. అది బుద్ధిగా దిగింది. తరవాత నాది తీశాను. రంగు, నునుపు చూసి శీను ఎంత బాగా చేశావురా అన్నాడు. ఎగరేస్తే రెండు చుట్లు గంతులేసింది. మూడో చుట్టులో ముక్కు గుచ్చుకుని మోటారు ఊడిపోయింది. వాడు పరిగెత్తుకెళ్ళి ముక్కలన్నీ ఏరి తెచ్చాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇంకోసారి ఎగరేస్తా, పట్టుకుని వదులు అని శీను అంటే వాడి విమానం ఎత్తాను. అలవాటుగా రెక్క అడుగున అటూ ఇటూ వేళ్ళు పెట్టి తూచాను. ముక్కు కిందికి వాలిపోయింది. నాది నిలిచే చోటికన్నా బొటనవేలు మందం ముందుకు జరిపితేగానీ నిలవలేదు. గీత అదే, మోటారూ అదే. తేడా అంతా ఆ నిమ్మకాయ. తోక లేనిదానికి ముక్కు బరువుండాలి. నేనేమో నెలల తరబడి బరువు తీస్తూ కూర్చున్నాను. వాడికి ఈ సంగతి తెలియదు. మొదటిరోజే ఎగిరింది కాబట్టి తూచి చూసే అవసరం రాలేదు.

భోజనానికి ఇంటికెళ్ళాం. రమణ వేడన్నంలో కందిపొడి, నెయ్యి వేసి, మొహమాటపడకండి అన్నయ్యగారూ అంది. అప్పుడు శీను అన్నాడు, ఆదివారం కాలేజీలో ఎగరేసేటప్పుడు నిమ్మకాయ తీసేస్తానని. ఇంజనీరింగ్ పిల్లలు నవ్వుతారట. తీసేస్తే అంతమంది ముందు అది నా విమానంలాగే గంతులేసి నేల కరుస్తుంది. వచ్చే ఏడు వాళ్ళు మళ్ళీ నన్నే పిలుస్తారు. నేను నోరు విప్పకుండా ఉంటే చాలు. పెరుగన్నం దాకా విప్పలేదు.

బస్టాండులో బస్సు వచ్చేసింది. మెట్టు మీద కాలు పెట్టి, "నిమ్మకాయ తీయకురా" అన్నాను.

"ఏరా, నువ్వు కూడా దిష్టి నమ్ముతావా?"

అసలు కారణం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పబుద్ధి కాలేదు. "నాకే కుళ్ళుగా ఉందిరా. పొద్దున్నుంచి పడిపోవాలని చూస్తున్నా. నా దిష్టే తగులుతుంది, ఉంచు" అన్నాను.

శీను నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "గీసిచ్చిందే నువ్వు. నీ దిష్టి నాకు తగలదులేరా. కచ్చితంగా తీసేస్తా" అన్నాడు. బస్సు కదిలింది.

ఇంటికొచ్చి మోటారు అతికించి, ముక్కులో ఒక బోల్టు పెట్టి ఎగరేశాను. నా జన్మలో నేను చేసిందేదీ అంత బాగా ఎగరలేదు. సంతోషించాల్సింది పోయి కూర్చుండిపోయాను. ఈ ప్రయాణం వల్ల నాకు తెలిసింది ఇంతే: కుళ్ళుకునేవాడికి కడుపు మంట ఒక్కటే ఉంటే నిద్ర పడుతుంది, దాంతోపాటు ఎదుటివాడి మంచితనం కూడా చూసొస్తే పట్టదు. రెండ్రోజులుగా శీను నంబరు తీయడం, పెట్టేయడం. నోటితో చెప్పడం నావల్ల కాలేదు. నేను రాసే ఈ బ్లాగు అందరికన్నా ముందు చదివేది వాడే.

కాబట్టి తోకలేని విమానం చేసేవాళ్ళకి ఒక్క సలహా. తోక ఉన్నదాన్ని తూచిన చోట దీన్ని తూచకండి. రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా కొలిచి, ముందు నుంచి ఆరో వంతు దగ్గర వేళ్ళు పెడితే అది నిలవాలి. నిలవకుండా వెనక్కి వాలితే ముక్కులో బరువు పెట్టండి. శీనూ, నిమ్మకాయ తీసేస్తే తీసేయ్. కానీ ముందు దాన్ని మిరపకాయలతో సహా మీ కొట్లో తక్కెడ మీద పెట్టి, సరిగ్గా అంత బరువు బోల్టు అదే చోట బిగించు. ఆదివారం నేను చూడటానికి మాత్రం రాను. అంత మంచివాణ్ణి కాదు.