కళ్లంలో పుట్టిన తిట్లు

ఎవరైనా నన్ను తిడుతున్నప్పుడు తలవంచుకునే ఉంటాను గానీ, నా మనసు ఆ తిట్టులోని మాట వెంట పరుగెడుతుంది. ఈ మాట ఎక్కడ పుట్టింది, ఏ పని చేసే చేతుల్లోంచి నోటికి ఎక్కింది అని. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో నాలుగు తిట్లు అదనంగా పడతాయి.

వాటిలో నన్ను బాగా ఊరించిన మాట 'తూర్పారబట్టడం'. మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఎవరినో తూర్పారబడుతూనే ఉంటారు. అది గాలికి వడ్లు ఎగరబోసే పని అని ఎక్కడో చదివాను. కానీ కర్ణాటకలోని కంప్లి దగ్గర కాలువ కింద వరి పండించే ఇంట్లో పుట్టి కూడా ఆ పనిని కళ్లతో చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికే కోత మిషన్లు వచ్చేశాయి.

మా నాయనమ్మ మాత్రం ఒక మూల మడిని మిషన్‌కు ఇవ్వదు. అక్కడ పండేది కోస్తాలోని తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న సన్నరకం. ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. మిషన్ కడుపులో పక్క చేల వడ్లు మిగిలి ఉంటాయని, అవి కలిస్తే విత్తనం పాడవుతుందని ఆమె పట్టుదల. మొన్న కోతకు నాన్న విసిగిపోయాడు. ఈ విత్తనం గనక వానకు తడిస్తే, ఇక ఆ మూల కూడా అంగడి విత్తనమే చల్లుతానని తేల్చేశాడు.

కొడవళ్లతో కోయించి, కట్టలు బండకేసి కొట్టించి, రోడ్డు పక్క కళ్లంలో వడ్లు కుప్ప పోశాం. పొట్టు ఎగరగొట్టడానికి నాన్న పెట్టిన ఫ్యాను కాసేపు తిరిగింది, కరెంటు పోయింది. పడమట మబ్బు కమ్ముతుంటే నాన్న టార్పాలిన్ కోసం ఊళ్లోకి పరుగెత్తాడు. నాయనమ్మకు భుజం పైకి లేవదు. ముక్కాలిపీట, చేట నా ముందుకు తోసింది.

రోడ్డు మీద బస్సులు, బైకులు. నలుగురిలో పేరు చెప్పడానికే గొంతు పెగలని నేను అందరికంటే ఎత్తున నిలబడాలి. ఎక్కాను. ధైర్యం వచ్చి కాదు, ఆ మాట లోపల ఏముందో చూసేయాలన్న ఆత్రంతో.

చేట తలపైకెత్తి ఒక్కసారిగా కుమ్మరించాను. సరిగ్గా అప్పుడే గాలి ఆగింది. తాలూ పొట్టూ మళ్లీ కుప్ప మీదే పడ్డాయి. కొంత నా నెత్తిన.

"గాలి లేకుండా పోస్తే అది దుమ్మెత్తిపోయడమే, తూర్పారబట్టడం కాదు," అంది నాయనమ్మ. "గాలొచ్చేదాకా ఆగవే. వచ్చాక కొంచెం కొంచెంగా జార్చు."

పీట మీద నుంచి పడబోయాను. రెండు తిట్లు ఒకేసారి నా కళ్ల ముందు విడిపోయాయి! దుమ్మెత్తిపోసేవాడికి గింజతో పనిలేదు. తూర్పారబట్టేవాడి చూపంతా గింజ మీదే. మళ్లీ గాలి లేచింది. చేట అంచు వంచి మెల్లగా ఆడించాను. బరువైన గింజ తిన్నగా నా కాళ్ల దగ్గర రాలింది, తాలు గాల్లో తేలుతూ దూరంగా పడింది. తాలు మాటలంటే ఇవే కదా! విన్నది పొల్లుపోకుండా చెప్పడమంటే, ఈ ఎగిరిపోయే పొల్లును కూడా వదలకుండా చెప్పడమే కదా! చేతులు నొప్పెడుతున్నాయి, నాకు మాత్రం గట్టిగా నవ్వాలని ఉంది.

పక్క చేనివాళ్ల అక్క స్కూటీ ఆపింది. "ఏంది పాపా, సర్కస్ జేస్తాండావా? బిరిన కానీ, ఏటవతల అప్పుడే వాన పడ్తాండాది."

ఇంకో రోజైతే సిగ్గుతో దిగిపోయేదాన్ని. "దిగి గోతం మూతి పట్టుకో అక్కా," అని కేక వేసింది నేనేనంటే నాకే నమ్మకం కలగలేదు. ఆమె నవ్వుతూ వచ్చి పట్టుకుంది. నాయనమ్మ కింద కూర్చుని, రాలిన గింజను గోతంలోకి తోసింది. గాలి ఉన్నంతసేపూ నేను చేట దించలేదు.

మూట కట్టి స్కూటీ మీద ఇంటికి చేర్చేసరికి చినుకులు మొదలయ్యాయి. నాన్న టార్పాలిన్‌తో వచ్చేటప్పటికి కళ్లంలో తడవడానికి పొట్టు తప్ప ఏమీ మిగల్లేదట. ఇంటికొచ్చి మూటలో చెయ్యి పెట్టి, గుప్పెడు వడ్లు తీసి ఊదాడు. ఒక్క పొట్టూ లేవలేదు. బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయాడు.

నాయనమ్మ నన్ను కూర్చోబెట్టి జుట్టులోని పొట్టు ఏరింది. లేచి వెళ్తూ అంది:

"మూట మీ నాన్న చేతికివ్వకు. మళ్లీ నారు పోసేదాకా నీ మంచం కింద పెట్టుకో."