టీవీకి పెట్టిన బొట్టు

ఈ సంగతి జరిగినప్పుడే రాసుకోవాలనిపించింది గానీ, అప్పటికి నాకు అక్షరాలు రావు. మనుబోలు దగ్గర పొలం పనుల్లో పెరిగినదాన్ని, బడి ముఖం చూడలేదు. నెల్లూరు ఆసుపత్రిలో ఆయాగా చేరిన రోజున కూడా వేలిముద్రే వేశాను. ఈ మధ్యే మా మనవరాలు తన పలక మీద నాకు రాయడం నేర్పింది.

మా ఆసుపత్రిలో కడుపుకు చిన్న కన్నాలు పెట్టి, లోపలికి కెమెరా పంపి, టీవీలో చూస్తూ ఆపరేషన్ చేస్తారు. పాత టీవీలో అంతా గోడ మీద బొమ్మలా చదునుగా కనిపించేది. ఆ పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మ, మూసిన డబ్బాలో రంగు పూసలు పోసి, టీవీలో చూస్తూ పొడుగాటి పట్టకార్లతో ఎత్తేది. పూస ఒకచోట ఉంటే పట్టకారు ఇంకోచోట మూసుకునేది. పాపం, చెమటలు పట్టేవి.

తర్వాత కొత్త టీవీ వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఏది ముందుందో, ఏది వెనకుందో తెలిసిపోతుంది. కొత్త వస్తువు కదా, నాతోటి ఆయా దానికి కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా తెర మీదే! చిన్న డాక్టరమ్మ ఆ ఎర్ర చుక్కను పట్టుకోబోయి, "ఇదేంది, ఈ పూస చేతికి రాదు?" అనింది.

వెనక నిలబడ్డ పెద్ద డాక్టరు గారు, "అది రాదులేమ్మా, అది మన ఆయమ్మ భక్తి" అన్నారు. పగలబడి నవ్వాం.

కొన్నాళ్లకు నాకే గాల్‌బ్లాడర్‌లో రాళ్లని తేలింది. వెనకట మా అక్కకు అదే జబ్బుకు జానెడు కోశారు. ఆమె మళ్లీ బిందె ఎత్తలేదు. నాకూ అట్లా అయితే ఆయా పని చేయలేను. నేనూ మనవరాలూ బతికేది ఆ జీతం మీదే.

పెద్ద డాక్టరు గారు దాచకుండా చెప్పారు. "లోపలంతా అతుక్కుపోయి ఉంది. కన్నాలతోనే చూస్తాం. నాళాలు తేటగా కనపడకపోతే కోయక తప్పదు."

థియేటర్‌లోకి తీసుకుపోతుంటే చిన్న డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "భయమా పెద్దమ్మా?"

"టీవీ బాగా తుడిచినారా?"

"తుడిచినాం. ఈసారి బొట్టు లేదులే."

మెలకువ రాగానే దుప్పటి కింద తడుముకున్నాను. జానెడు కట్టు లేదు. అక్కడక్కడా చిన్న పట్టీలే. మత్తుకు కళ్లు మళ్లీ మూతలు పడుతున్నా కన్నీళ్లు ఆగలేదు.

సాయంత్రం చిన్న డాక్టరమ్మ వచ్చింది. "నాళం ఎక్కడ కలుస్తుందో చేత్తో తాకినట్టు కనపడింది పెద్దమ్మా. చివర్లో సారు నా చేత కూడా చేయించినారు." చిన్న సీసాలో నా రాళ్లు ఆడించి చూపించింది. "చూడు, ఈ పూసలు చేతికొచ్చినాయి."

మర్నాడు పొద్దున్నే గోడ పట్టుకుని వరండా దాకా నడిచాను. చిన్న డాక్టరమ్మ పూసలెత్తడం నేర్చుకునే గదికి టీవీని తోసుకుపోతున్నారు. ఆపమన్నాను. పక్క మంచం ఆమెనడిగి తెచ్చుకున్న కుంకుమ వేలికి అద్దుకుని, తెరకు తగలకుండా, వెనక స్టాండు కడ్డీకి బొట్టు పెట్టాను.